సముద్ర పైలట్లు: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పాఠకులు తరచూ అడిగే ప్రశ్నలు

ఈ మూడు జిల్లాల నుంచి సముద్ర పైలట్ల గురించి అడిగేవారు ప్రధానంగా మూడు రకాలు. ఇంటర్మీడియట్ ఎంపీసీ పూర్తిచేసిన పిల్లలు, వారి తల్లిదండ్రులు మొదటివారు. ఇప్పటికే నౌకల్లో అధికారులుగా పనిచేస్తూ ఏదో ఒక ఓడరేవులో స్థిరపడాలనుకునేవారు రెండోవారు. మిర్చి, పత్తి, బియ్యం ఎగుమతి చేస్తూ ఓడరేవులో జరిగిన ప్రమాదంలో సరుకు నష్టపోయినవారు మూడోవారు. ఎవరికి వర్తించే చట్టం వారిది, ఎవరి గడువు వారిది. కాబట్టి మీకు సంబంధించిన ప్రశ్నను పూర్తిగా, షరతులతో సహా చదవండి.

ఈ జవాబుల్లో ‘పైలట్’ అంటే ఓడరేవులోకి వచ్చే, ఓడరేవు నుంచి వెళ్లే నౌకకు దారి చూపేందుకు అధికారికంగా అనుమతి పొందిన వ్యక్తి. ‘మాస్టర్’ అంటే ఆ నౌక కెప్టెన్. ‘పోర్టు అథారిటీ’ అంటే విశాఖపట్నం వంటి ప్రధాన ఓడరేవును నడిపే చట్టబద్ధ సంస్థ. ‘డీజీ షిప్పింగ్’ అంటే ముంబయిలోని డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్. ‘ఆర్‌పీఎస్‌ఎల్ ఏజెంటు’ అంటే నౌకా ఉద్యోగాలకు మనుషులను ఎంపిక చేసి పంపడానికి డీజీ షిప్పింగ్ నుంచి లైసెన్సు పొందిన సంస్థ.

ఒక హెచ్చరిక. 2025లో పార్లమెంటు ఓడరేవులు, వాణిజ్య నౌకలు, సముద్ర మార్గంలో సరుకు రవాణా అనే మూడు అంశాల మీద పాత చట్టాల స్థానంలో కొత్త చట్టాలను ఆమోదించింది. మీ ఘటన జరిగిన తేదీన ఏ నిబంధన అమలులో ఉందో గెజిట్ చూసి నిర్ధారించుకున్న తర్వాతే నోటీసు ఇవ్వండి.

1. పైలట్ చేసే పని ఏమిటి?

ప్రతి ఓడరేవుకూ దానిదైన లోతు, ప్రవాహం, గాలి, మలుపు, ఇసుక మేట ఉంటాయి. ప్రపంచమంతా తిరిగే మాస్టర్‌కు వాటన్నిటినీ చేతి గీతల్లా తెలుసుకునే అవకాశం ఉండదు. పైలట్‌కు ఆ ఒక్క ఓడరేవు తెలుసు. చిన్న పడవలో సముద్రంలోకి వెళ్లి, కదులుతున్న నౌక పక్కన వేలాడే తాడు నిచ్చెన ఎక్కి, నౌకను నడిపించే చోటైన బ్రిడ్జి మీదకు చేరి, నౌకను ఏ వేగంతో ఏ దిశలో నడపాలో చెబుతారు. టగ్‌లకు ఆదేశాలిచ్చి బెర్తుకు చేరుస్తారు. విశాఖపట్నం లోపలి హార్బర్‌కు వెళ్లే నౌక డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న ఇరుకైన కాలువ గుండా రావాలి. అక్కడ పొరపాటును సరిదిద్దుకునేందుకు చోటు తక్కువ.

పైలట్ ఉన్న నౌక పగలు తెలుపు, ఎరుపు నిలువు సగాలున్న జెండా ఎగరేస్తుంది. పైలటేజీ విధిలో ఉన్న పడవ రాత్రి పైన తెల్ల దీపం, దాని కింద ఎర్ర దీపం వెలిగిస్తుంది.

2. పైలట్ ఎక్కిన తర్వాత నౌక బాధ్యత ఎవరిది?

మాస్టర్‌దే. ఈ విషయంలో అపోహ ఎక్కువ కాబట్టి వివరంగా చెబుతున్నాను. అంతర్జాతీయ సముద్ర సంస్థ (ఐఎంఓ) 2003 డిసెంబరులో ఆమోదించిన ఎ.960(23) తీర్మానం ప్రకారం, పైలట్ నౌకపై ఉన్నంత మాత్రాన మాస్టర్‌కు గానీ, బ్రిడ్జిపై విధిలో ఉన్న అధికారికి గానీ నౌక భద్రతకు సంబంధించిన విధుల నుంచి విముక్తి లభించదు. పైలట్ చెప్పినది సరైనదేనా అని వారు నిరంతరం గమనిస్తూ ఉండాలి. నౌక ప్రమాదంలో పడుతోందని తోస్తే మాస్టర్ జోక్యం చేసుకోవచ్చు, చేసుకోవాలి కూడా.

భారతీయ చట్టం మార్గమూ ఇదే. 1908 నాటి ఇండియన్ పోర్ట్స్ చట్టం 31వ సెక్షన్ పైలట్‌ను తప్పనిసరి చేస్తూనే, నౌక వల్ల లేదా నౌకను నడిపిన తీరులోని లోపం వల్ల కలిగే నష్టానికి యజమాని, మాస్టర్ జవాబుదారులుగానే ఉంటారని స్పష్టం చేసింది. ‘పైలట్‌ను పెట్టుకోమని చట్టమే చెప్పింది కదా’ అనే వాదన నౌక యజమానిని కాపాడదు.

ఇటీవలి ఉదాహరణ 2024 మార్చి 26న అమెరికాలోని బాల్టిమోర్‌లో జరిగింది. ‘డాలి’ అనే కంటెయినర్ నౌక విద్యుత్తు కోల్పోయి ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెనను ఢీకొంది. వంతెనపై పనిచేస్తున్న ఆరుగురు కార్మికులు మరణించారు. అప్పుడు నౌకపై ఇద్దరు స్థానిక పైలట్లు ఉన్నారు. వారు ముందుగా ఇచ్చిన ప్రమాద సంకేతం వల్ల పోలీసులు వంతెనపైకి వాహనాలు రాకుండా ఆపగలిగారు. పైలట్లు ఉన్నారన్న కారణంతో నౌక సిబ్బందిని విచారణ వదిలిపెట్టలేదు. అత్యధికులు భారతీయులైన ఆ సిబ్బంది వారాల తరబడి నౌక దిగలేకపోయారు. కొడుకును నౌకకు పంపుతున్న ప్రతి కుటుంబమూ ఈ సంగతి తెలుసుకోవాలి.

3. ప్రతి నౌకా పైలట్‌ను తీసుకోవలసిందేనా?

కాదు. 1908 చట్టం ప్రకారం, 31వ సెక్షన్‌ను ప్రత్యేకంగా వర్తింపజేసిన ఓడరేవుల్లో 200 టన్నులు లేదా ఆపై కొలత గల నౌక పైలట్ లేకుండా ప్రవేశించరాదు, బయలుదేరరాదు, చోటు మారరాదు. పైలట్ స్థానంలో హార్బర్ మాస్టర్ లేదా ఆయన సహాయకుడు ఉండవచ్చు. అంతకన్నా చిన్న నౌకలకు రాతపూర్వక అనుమతితో మినహాయింపు సాధ్యం. అత్యవసర పరిస్థితి, కోరినా పైలట్ దొరకకపోవడం అనే కారణాలను చట్టం పరిగణిస్తుంది. అయితే వాటిని నిరూపించే భారం మాస్టర్‌పై పడుతుంది. కాబట్టి పైలట్‌ను కోరిన సమయం లాగ్ పుస్తకంలో నమోదై ఉండాలి.

4. సముద్రం లేని మన ప్రాంతానికి ఈ వృత్తి చరిత్రతో సంబంధం ఉందా?

ఉంది. ఓరుగల్లును ఏలిన కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. ఆ రేవు నేటి బాపట్ల జిల్లాలో ఉంది. అంతకుముందు రాజులు తుపానుకు కొట్టుకువచ్చిన నౌకల సరుకంతా స్వాధీనం చేసుకునేవారని, తాను మాత్రం నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోనని ఆయన ప్రకటించాడు. సముద్రంపై బతికేవారి ప్రాణమూ సరుకూ పాలకుడి దయపై ఆధారపడకూడదని, నియమం రాతలో ఉండాలని మన నేల నుంచి పాలించిన రాజు దాదాపు ఎనిమిది వందల ఏళ్ల క్రితమే గుర్తించాడు. భూపాలపల్లి జిల్లాలోని ఘనపురం కోటగుళ్లు ఆయన కాలానివే. ఆ గుళ్లు చూడడానికి వెళ్లే పిల్లలకు పెద్దలు ఈ శాసనం సంగతి కూడా చెప్పాలని నా కోరిక.

ఆధునిక పైలట్ వ్యవస్థ మన దేశంలో ఈస్టిండియా కంపెనీ కాలంలో హుగ్లీ నదిపై స్థిరపడింది. మేటలు వేసే ఆ నదిలో పైలట్ లేకుండా కలకత్తా చేరడం అసాధ్యం. తెలుగు తీరంలో విశాఖపట్నం ఓడరేవును 1933 డిసెంబరు 19న వైస్రాయ్ లార్డ్ విల్లింగ్డన్ ప్రారంభించాడు. ప్రవేశమార్గాన్ని అలల నుంచి కాపాడడానికి జానస్, వెల్లెడ్‌సన్ అనే రెండు పాత నౌకలను అక్కడే ముంచి అడ్డుగోడగా వాడారు. బయటి హార్బర్ 1976లో అందుబాటులోకి వచ్చింది.

5. ఇంటర్ తర్వాత నేరుగా ‘షిప్ పైలట్ కోర్సు’ ఉందా?

లేదు. ఇంటర్ పాసైన విద్యార్థిని ఏడాదిలో పైలట్‌ను చేస్తామని ఎవరైనా ఫీజు అడిగితే ఆ మాట అసత్యం. పైలట్ పదవి సముద్రంపై చాలా ఏళ్లు పనిచేసిన అనుభవం మీద వచ్చేది.

ఒక మినహాయింపును చెప్పాలి. కోల్‌కతా ఓడరేవు కొన్ని సందర్భాల్లో చదువు పూర్తిచేసిన యువతను శిక్షణార్థి పైలట్లుగా తీసుకుని ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చింది. అది పోర్టు అథారిటీ బహిరంగ ప్రకటన ద్వారా జరిగే నియామకం. ప్రైవేటు సంస్థ అమ్మే సీటు కాదు.

6. మరి సరైన మార్గం ఏది?

ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం ఉండాలి. ఆ తర్వాత భారత సముద్ర విశ్వవిద్యాలయం (ఐఎంయూ) నిర్వహించే ప్రవేశ పరీక్ష ఐఎంయూ సెట్ రాయాలి. 2008లో ఏర్పడిన ఈ కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రధాన కార్యాలయం చెన్నైలో ఉంది. విశాఖపట్నంలోనూ ప్రాంగణం ఉంది. అయితే పైలట్ కావాలంటే డెక్ శాఖ కోర్సు చేరాలి. ఇంజిన్ శాఖ కోర్సు, నౌకా నిర్మాణ కోర్సు ఈ దారిలోకి రావు. సీటు వచ్చిన ప్రాంగణంలో ఏ కోర్సు నడుస్తోందో చూసుకోకుండా ఫీజు కట్టవద్దు.

డెక్ శాఖలో రెండు దారులు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. ఒకటి, ఏడాది డిప్లొమా ఇన్ నాటికల్ సైన్స్, ఆపై 18 నెలల సముద్ర సేవ. దీనికి సాధారణంగా ఏదైనా షిప్పింగ్ కంపెనీ స్పాన్సర్‌షిప్ కావాలి. రెండోది, మూడేళ్ల బీఎస్సీ నాటికల్ సైన్స్, ఆపై 12 నెలల సముద్ర సేవ. ఏ దారిలో వెళ్లినా తర్వాత సెకండ్ మేట్, ఫస్ట్ మేట్, మాస్టర్ యోగ్యతా పత్రాలకు వరుసగా పరీక్షలు రాయాలి. ఒక్కో మెట్టుకు మధ్య నిర్ణీత సముద్ర సేవ పూర్తికావాలి. పోర్టు అథారిటీలు పైలట్ నియామక ప్రకటనల్లో సాధారణంగా మాస్టర్ యోగ్యతా పత్రం కోరుతాయి. ఎంపికైనవారు ఆ ఓడరేవులో శిక్షణ పొంది, పరీక్షలో నెగ్గి, అధికారిక అనుమతి పొందాకే పైలట్ అవుతారు.

అర్హత మార్కులు, వయోపరిమితి, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థుల సడలింపులు ఏటా వచ్చే ప్రకటనలో ఉంటాయి. గత ఏడాది ప్రకటనను నమ్మి దరఖాస్తు చేయకండి. కుల ధ్రువీకరణ పత్రం కేంద్ర ప్రభుత్వ నమూనాలో కావాలి. రాష్ట్ర నమూనాలో ఉన్నదానితో సరిపోతుందనుకుని, చివరి వారంలో తహసీల్దారు కార్యాలయానికి పరుగెత్తే కుటుంబాలు ఎన్నో. దరఖాస్తు తేదీకి కనీసం నెల ముందే ఆ పత్రం తీసుకోండి.

7. వైద్య పరీక్ష ఎప్పుడు చేయించాలి?

ఫీజు కట్టకముందే. డెక్ శాఖకు కళ్లద్దాలు లేకుండా చూపు నిర్ణీత ప్రమాణంలో ఉండాలి. వర్ణాంధత్వం ఉండరాదు. ఎర్ర దీపాన్నీ పచ్చ దీపాన్నీ వేరు చేయలేని వ్యక్తి రాత్రి ఎదురు నౌక ఏ దిశలో వెళ్తోందో చెప్పలేడు. అందుకే ఇందులో సడలింపు ఆశించవద్దు. స్థానిక కళ్లద్దాల దుకాణం ఇచ్చే చీటీ పనికిరాదు. డీజీ షిప్పింగ్ ఆమోదించిన వైద్యుడి వద్దే పరీక్ష జరగాలి. ఆ వైద్యుల జాబితా డీజీ షిప్పింగ్ వెబ్‌సైటులో దొరుకుతుంది.

8. ఆడపిల్లలు పైలట్ కావచ్చా?

కావచ్చు. చట్టపరమైన అడ్డంకి ఏదీ లేదు. చెన్నైకి చెందిన రేష్మా నీలోఫర్ నాహా 2011లో కోల్‌కతా ఓడరేవులో శిక్షణలో చేరి, 2018లో పైలట్‌గా అర్హత పొందారు. దేశంలో ఆ అర్హత పొందిన తొలి మహిళ ఆమె. ఐఎంయూ ప్రవేశాల్లో మహిళలకు వయోపరిమితి సడలింపు ఉంటే అది ఆ ఏటి ప్రకటనలో కనిపిస్తుంది.

9. ‘ఉద్యోగం ఖాయం, నాలుగు లక్షలు కట్టండి’ అని ఒక ఏజెంటు అంటున్నాడు. కట్టవచ్చా?

కట్టకూడదు. నౌకా ఉద్యోగులను ఎంపిక చేసి పంపే సంస్థలకు డీజీ షిప్పింగ్ లైసెన్సు తప్పనిసరి. ఆ లైసెన్సు ఉన్న ఆర్‌పీఎస్‌ఎల్ ఏజెంటుకైనా ఉద్యోగం ఇప్పించినందుకు అభ్యర్థి నుంచి రుసుము తీసుకునే హక్కు లేదు. ఆ ఖర్చు నౌక యజమాని భరించాలి. ఆమోదిత శిక్షణ సంస్థ తీసుకునే కోర్సు ఫీజు వేరు, ఉద్యోగానికి అడిగే సొమ్ము వేరు. ఈ రెండింటినీ ఒకే రసీదులో కలిపి చూపడం మోసానికి తొలి గుర్తు.

సంతకం చేసేముందు ఈ నాలుగు పనులు చేయండి. ఆర్‌పీఎస్‌ఎల్ నంబరు తీసుకుని డీజీ షిప్పింగ్ వెబ్‌సైటులో సరిచూడండి. నౌక పేరు, దాని ఏడంకెల ఐఎంఓ నంబరు అడగండి. ఉద్యోగ ఒప్పందం చదివి, సంతకాలైన ప్రతిని మీ దగ్గర ఉంచుకోండి. టూరిస్టు వీసాపై విదేశానికి వచ్చి అక్కడ నౌక ఎక్కమంటే నిరాకరించండి. అలా వెళ్లినవారికి చిక్కు వచ్చినప్పుడు ఏ చట్టం కింద రక్షణ అడగాలన్నదే మొదటి సమస్యగా మారుతుంది.

డబ్బు నగదుగా ఇవ్వకండి. ఎకరం పొలం అమ్మి తెచ్చిన సొమ్ముకు రసీదు లేకపోతే కోర్టులో మీ పక్షాన మాట్లాడేందుకు నా దగ్గర ఏమీ ఉండదు.

10. ఇప్పటికే మోసపోయాం. మొదట ఏం చేయాలి?

ఆన్‌లైన్‌లో డబ్బు పంపి ఉంటే తక్షణం 1930 నంబరుకు ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్ము ఖాతాలో నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ. తర్వాత పోలీసు ఫిర్యాదు ఇవ్వండి. భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా మీకు దగ్గరలోని స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఈమెయిల్ వంటి ఎలక్ట్రానిక్ మార్గంలో పంపితే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ ప్రతి ఉచితంగా పొందడం మీ హక్కు.

స్టేషన్‌లో నమోదు చేయకపోతే అదే సెక్షన్ కింద పై అధికారికి తపాలా ద్వారా రాయండి. మహబూబాబాద్, భూపాలపల్లి వారు జిల్లా ఎస్పీకి రాయాలి. జనగామ మాత్రం వరంగల్ పోలీస్ కమిషనరేట్ పరిధిలో ఉంది. కాబట్టి జనగామ వారు కమిషనర్ కార్యాలయానికి రాయాలి. అప్పటికీ కదలిక లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు.

డబ్బు తిరిగి రాబట్టుకోవడానికి మీరు నివసించే ప్రాంతంపై పరిధి ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు. గడువు రెండేళ్లు. అయితే విద్యాసంస్థ బోధనపై వచ్చే వివాదాలు వినియోగదారుల చట్టం కిందకు వస్తాయా అన్నదానిపై కోర్టుల్లో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఉద్యోగం ఇప్పిస్తానని సొమ్ము తీసుకున్న ఏజెంటు విషయంలో ఆ ఇబ్బంది తక్కువ.

11. లాయరును పెట్టుకునే స్తోమత లేదు.

జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టండి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద మహిళలు, ఎస్సీలు, ఎస్టీలు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. తండాల నుంచి, గూడేల నుంచి వచ్చే కుటుంబాలు ఈ హక్కు తెలియక అప్పుచేసి ఫీజులు కట్టడం నాకు బాధ కలిగిస్తుంది. ఇతరులకు ఆదాయ పరిమితి వర్తిస్తుంది.

12. పైలట్‌కు ఇచ్చిన అనుమతి ఎంతవరకు, ఎంతకాలం చెల్లుతుంది?

ఆ ఓడరేవు వరకే. విశాఖపట్నం పైలట్ కాకినాడలో నౌకను నడిపించలేరు. ఎ.960(23) తీర్మానం ప్రకారం అనుమతి పత్రంలో పని ప్రాంతంతోపాటు నౌక పరిమాణం, లోతు వంటి పరిమితులు ఉండాలి. అయిదేళ్లకు మించని వ్యవధిలో స్థానిక పరిజ్ఞానం, ఆరోగ్యం మళ్లీ పరీక్షించాలి. చాలాకాలం విధికి దూరంగా ఉన్నవారు తిరిగి పరిచయం చేసుకున్నాకే పని మొదలుపెట్టాలి. కొత్తగా చేరినవారు తమ పత్రంలోని పరిమితికి మించిన నౌక అప్పగిస్తే రాతపూర్వకంగా ఆ సంగతి తెలియజేయాలి.

13. నిచ్చెన సరిగా లేదని పైలట్ ఎక్కడానికి నిరాకరించవచ్చా?

నిరాకరించవచ్చు. పైలట్ల ప్రాణాలు ఎక్కువగా పోయేది ఈ నిచ్చెన దగ్గరే కాబట్టి దీనిపై మొహమాటం ఉండకూడదు. సముద్రంలో ప్రాణరక్షణకు సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందం సోలాస్ అయిదో అధ్యాయం 23వ నిబంధన ప్రకారం, ఎక్కవలసిన ఎత్తు నీటిమట్టం నుంచి 1.5 మీటర్లకు తగ్గకుండా, 9 మీటర్లకు మించకుండా ఉన్నప్పుడు పైలట్ నిచ్చెన వాడాలి. 9 మీటర్లు మించితే పైలట్ నిచ్చెనతోపాటు నౌక పక్కనుండే మెట్లను కలిపి అమర్చాలి. బాధ్యత గల అధికారి పర్యవేక్షణ, బ్రిడ్జితో మాట్లాడే సాధనం, దీపమున్న లైఫ్ బాయ్, విసిరే తాడు, తగిన వెలుతురు ఉండాలి.

ప్రయాణ భద్రతకు లేదా పర్యావరణానికి ప్రమాదకరంగా ఉన్న నౌకను నడిపించడానికి నిరాకరించే హక్కు పైలట్‌కు ఉండాలని ఎ.960(23) చెబుతోంది. షరతు ఒకటే: నిరాకరణను, దాని కారణాన్ని వెంటనే అధికారులకు తెలియజేయాలి. మాటతో సరిపెట్టవద్దు. నిచ్చెన ఫోటో, సమయం, నౌక పేరు, కంట్రోల్ రూంతో మాట్లాడిన నమోదు దగ్గర ఉంచుకోండి.

14. పైలట్‌కు, నౌక సిబ్బందికి ఒకే విశ్రాంతి నియమమా?

కాదు. పైలట్ నౌక సిబ్బందిలో భాగం కాదు. నౌక సిబ్బందికి అంతర్జాతీయ నియమాల ప్రకారం ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, ఏ 7 రోజుల్లోనైనా 77 గంటలు విశ్రాంతి ఉండాలి. పైలట్‌కు తన పోర్టు అథారిటీ సేవా నిబంధనలు, విధుల పట్టిక వర్తిస్తాయి. పైలట్ తగినంత విశ్రాంతి తీసుకుని విధికి రావాలన్నది మాత్రం ఎ.960(23) ఆశించే ప్రమాణం.

15. ప్రమాదం జరిగితే పైలట్‌పై వ్యక్తిగతంగా చర్య ఉంటుందా?

ఉండవచ్చు. మాస్టర్ బాధ్యత కొనసాగుతుందంటే పైలట్‌కు బాధ్యత లేదని అర్థం కాదు. నిర్లక్ష్యంగా నౌక నడిపినందుకు భారతీయ న్యాయ సంహిత 282వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, పది వేల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే 106వ సెక్షన్ వర్తిస్తుంది. 2007 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో ‘కాస్కో బుసాన్’ నౌక వంతెన స్తంభాన్ని ఢీకొని చమురు ఒలికినప్పుడు దానిపై ఉన్న పైలట్‌కు అక్కడి కోర్టు పది నెలల జైలు విధించింది.

శాఖాపరమైన చర్య వేరు. పోర్టు అథారిటీ ఉద్యోగి కేంద్ర ప్రభుత్వ సివిల్ పదవిలో ఉన్నవాడు కాదు. కాబట్టి రాజ్యాంగం 311వ అధికరణ రక్షణ అడగలేరు. అయితే సేవా నిబంధనల ప్రకారం అభియోగ పత్రం, పత్రాల ప్రతులు, వివరణకు అవకాశం పొందే హక్కు ఉంది. వాటిని నిరాకరిస్తే 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ వేయవచ్చు. అభియోగ పత్రంలో రాసిన గడువులోగా జవాబు ఇవ్వండి. పత్రాలు అందలేదంటే అదే గడువులోగా ఆ మాట రాతలో చెప్పండి. మౌనంగా గడువు దాటనివ్వవద్దు.

16. పైలట్ పొరపాటుతో నౌక ఇసుకలో దిగబడి మా మిర్చి పాడైంది. నౌక యజమాని పరిహారం ఇస్తాడా?

చాలా సందర్భాల్లో ఇవ్వడు. ఎగుమతిదారులను ఎక్కువగా నిర్ఘాంతపరిచే జవాబు ఇది. 1925 నాటి సముద్ర మార్గ సరుకు రవాణా చట్టానికి అనుబంధమైన నియమాల్లో, నౌకను నడపడంలో మాస్టర్, నావికుడు, పైలట్ చేసిన తప్పు లేదా నిర్లక్ష్యం వల్ల కలిగే నష్టానికి రవాణాదారు బాధ్యుడు కాడని స్పష్టంగా ఉంది. పైలట్ అనే మాట ఆ నియమంలోనే ఉంది. బయలుదేరేముందు నౌకను ప్రయాణానికి తగిన స్థితిలో ఉంచడంలో రవాణాదారు తగిన శ్రద్ధ చూపలేదని తేలితే ఆయన రక్షణ బలహీనపడుతుంది. సరుకును సరిగా నిల్వచేయక, గాలి ఆడనివ్వక పాడుచేస్తే అది నౌకను నడపడంలోని తప్పు కిందకు రాదు.

గడువులు కఠినం. నష్టం పైకి కనిపిస్తే సరుకు తీసుకునేటప్పుడే, కనిపించకపోతే మూడు రోజుల్లోగా రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. సరుకు అందిన తేదీ నుంచి లేదా అందవలసిన తేదీ నుంచి ఏడాదిలోగా దావా వేయాలి. ఆపై మూడు నెలలకు మించకుండా కోర్టు అనుమతించే వీలున్నా దానిపై ఆధారపడవద్దు. కొత్త చట్టం వర్తించే సరుకైతే దాని పాఠాన్ని సరిచూడండి.

పోర్టు అథారిటీపైనే దావా వేయదలిస్తే మరింత తొందర అవసరం. 1963 నాటి మేజర్ పోర్ట్ ట్రస్ట్స్ చట్టం 120వ సెక్షన్ నెల ముందు నోటీసు, ఆరు నెలల గడువు విధించింది. ఆ చట్టం స్థానంలో 2021 చట్టం వచ్చింది. అయినా పాత గడువే ఉన్నట్టు భావించి నోటీసు పంపడం క్షేమం.

17. అలాంటప్పుడు సరుకును ఎలా కాపాడుకోవాలి?

మెరైన్ బీమాతో. నౌక దిగబడటం, మునిగిపోవడం, ఢీకొనడం వల్ల కలిగే నష్టం ఇన్‌స్టిట్యూట్ కార్గో క్లాజుల్లో అతి తక్కువ రక్షణనిచ్చే ‘సి’ తరగతిలోనూ వస్తుంది. కానీ ఆలస్యం వల్ల కలిగే నష్టం ఏ తరగతిలోనూ రాదు. పైలట్ దొరక్క నౌక లంగరు వేసుకుని ఆగి, ఆలోగా మిర్చి రంగు పోతే ఆ నష్టం మీదే.

ఎఫ్‌ఓబీ షరతుతో అమ్మితే సరుకు నౌకలోకి చేరిన క్షణం నుంచి నష్టభయం కొనుగోలుదారుది. అప్పుడు దావా వేసే అర్హత మీకు ఉండకపోవచ్చు. 2025 మార్చి 31న కాకినాడ ఓడరేవు నుంచి తెలంగాణ బియ్యం 12,500 టన్నులు ఫిలిప్పీన్స్‌కు బయలుదేరాయి. మన పంట సముద్రం దాటే కొద్దీ ఒప్పందంలో ఎఫ్‌ఓబీ అనే మూడక్షరాలను చదవగలిగే వ్యాపారులు ఎక్కువ కావాలి.

18. దావా జనగామ కోర్టులో వేయవచ్చా?

నౌకను నిలిపివేయించాలంటే వీలుకాదు. 2017 నాటి అడ్మిరాల్టీ చట్టం 2018 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. ఆ అధికారం దాని కింద హైకోర్టులకే ఉంటుంది, అదీ తమ పరిధిలోని జలాల వరకే. నౌక విశాఖపట్నంలో గానీ కాకినాడలో గానీ ఉంటే అమరావతిలోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లాలి. నౌక తీరం వదిలితే ఆ అవకాశం దాంతోపాటే పోతుంది. గంటలు లెక్కపెట్టుకుని కదలవలసిన పని ఇది.

జీతం బకాయి ఉన్న నౌక సిబ్బందికి ఇదే చట్టం 9వ సెక్షన్ నౌకపైనే హక్కు ఇస్తుంది. జీతాలు, ఇంటికి చేర్చే ఖర్చులది మొదటి స్థానం. పైలటేజీ బకాయిలు ఆ వరుసలో తర్వాత వస్తాయి. జీతాలకు ఈ హక్కు రెండేళ్లు, మిగిలినవాటికి ఏడాది నిలుస్తుంది.

19. ప్రమాదానికి సంబంధించిన పత్రాలు ఎలా పొందాలి?

పోర్టు అథారిటీ ప్రజా సంస్థ కాబట్టి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. జవాబుకు 30 రోజులు. రాకపోతే లేదా తృప్తి కలగకపోతే 30 రోజుల్లోగా మొదటి అప్పీలు, ఆ నిర్ణయం తర్వాత 90 రోజుల్లోగా కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. పైలట్ బోర్డింగ్ సమయం, టగ్‌ల కేటాయింపు, విచారణ నివేదిక అని పత్రాల పేర్లు పెట్టి అడగండి. ‘పూర్తి వివరాలు ఇవ్వండి’ అని రాస్తే తిరస్కరణకు తలుపు తీసినట్టే. ప్రైవేటు ఓడరేవులకు ఈ చట్టం నేరుగా వర్తించకపోవచ్చు. అక్కడ కోర్టు ద్వారానే పత్రాలు తెప్పించాలి.

20. కాళేశ్వరం వద్ద గోదావరిలో పడవ నడిపేవారికీ ఈ నిబంధనలు వర్తిస్తాయా?

వర్తించవు. నది పడవలు 2021 నాటి అంతర్గత నౌకల చట్టం కిందకు వస్తాయి. ఇంజిన్ ఉన్న పడవకు రిజిస్ట్రేషన్, సర్వే పత్రం, బీమా ఉండాలి. నడిపేవారికి యోగ్యతా పత్రం ఉండాలి. ఇంజిన్ లేని పడవలు స్థానిక సంస్థల వద్ద నమోదు కావాలి.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరిలో ‘రాయల్ వశిష్ఠ’ అనే పర్యాటక పడవ మునిగినప్పుడు చనిపోయినవారిలో మన వరంగల్ పక్కనున్న కడిపికొండ వారూ ఉన్నారు. కాబట్టి పడవ ఎక్కేముందు మూడు అడగండి: రిజిస్ట్రేషన్ నంబరు, ఎంతమందికి అనుమతి ఉంది, మీ ఇంటివారందరికీ లైఫ్ జాకెట్లు ఉన్నాయా. ఒక్కదానికైనా జవాబు రాకపోతే ఎక్కకండి. టికెట్ సొమ్ము తిరిగి అడగండి, పడవ ఫోటో తీసి కలెక్టర్ కార్యాలయానికి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపండి.